షట్టర్ ముందర పడే చైను

ఇప్పుడు బ్యాటరీ స్కూటర్ మీద సూరత్ ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగుతుంటే నాకే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో సైకిల్ చైను పడిందంటే మా ఇంట్లో పోయిన మనిషే మెకానిక్ కన్నా ముందు గుర్తుకొచ్చేవాడు. ఇంకెవరైనా అయితే చైను వదులైందనుకుంటారు. మేం మాత్రం పాపం ఆయన మనసులో ఏం మిగిలిపోయిందో అనుకునేవాళ్ళం. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. పన్నెండో క్లాసు ఎలాగో గట్టెక్కాను. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ కలిపి గడగడా మాట్లాడేదాన్ని, లోకంలో నాకు తెలియనిదంటూ లేదని గట్టి నమ్మకం. అంతటి తెలివైనదాన్ని ఆరు నెలల పాటు ఒక సైకిల్‌కు జవాబు చెప్పుకుంటూ తిరిగాను. (ఒకసారి నడిరోడ్డు మీద క్షమాపణ కూడా చెప్పాను. ఆ సంగతి ముందు వస్తుంది.)

ఆ సైకిల్ మా చిన్నబాపుది, అంటే మా బాపు తమ్ముడిది. అన్నదమ్ములిద్దరూ పెళ్ళిళ్ళు కాకముందే జగిత్యాల దిక్కున ఉన్న మా ఊరు విడిచి, సాంచాలు నడపడానికి సూరత్ వచ్చారు. (మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు.) లింబాయత్‌లో ఒకటే ఇల్లు, కింద మేము, మీది గదిలో చిన్నబాపు, చిన్నమ్మ. వాళ్ళకు పిల్లల్లేరు, అందుకని నేను రెండు అంతస్తులకూ కూతుర్నే. చిన్నబాపు నెమ్మదైన మనిషి, ఆదివారం పూట కిరసనాయిల్లో గుడ్డ ముంచి సైకిల్ పుల్లలన్నీ ఒక్కొక్కటీ తుడవడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, ఖార్ఖానాలో చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. తర్వాత నెల తిరక్కుండానే యజమాని సాంచాలన్నీ లారీల్లోకెక్కించి ఊరవతల కామ్‌రేజ్ తీసుకుపోయాడు. పాత షెడ్డుకు షట్టర్ దించి తాళం వేశాడు. సైకిల్ నాకొచ్చింది.

అసలు చిక్కు అంతకుముందే, మూడో రోజున మొదలైంది. మూడో రోజు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా చూడటం మా ఆచారం. పిట్ట ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరూ ముందుకొచ్చి, 'నీ భార్యను మంచిగ అరుసుకుంటం', 'నీ మిద్దె పని మేం చేపిస్తం' అని ఊహించి ఊహించి మాటిస్తారు. సరైన మాట పడగానే ఎక్కడినుంచో కాకి వాలుతుంది. ఊళ్ళో అయితే వాలుతుంది. మా సూరత్ మిద్దె మీద రెండు గంటలు నిలబడ్డా కాకి జాడ లేదు, మాటలన్నీ అయిపోయాయి, ఎండకు అందరి తలలూ తిరుగుతున్నాయి. చివరికి పక్కింటి మిద్దె మీదినుంచి ఒక పావురం వచ్చి అన్నం పొడిచిపోయింది. పావురం లెక్కలోకి వస్తుందా రాదా అని పెద్దవాళ్ళలో పెద్ద వాదన. "పిట్టంటే పిట్టనే, దిగుండ్రి ఇగ" అని మా బాపు తేల్చేసి అందరినీ కిందికి దింపాడు. చిన్నమ్మ మాత్రం దిగలేదు. ఆ విస్తరి ముందే ఇంకాసేపు నిలబడింది.

నా పని సలాబత్‌పురాలో కళ్ళద్దాలు పెట్టుకునే ఒక చీరల సేఠ్ దగ్గర. ఆయన దుకాణం నుంచి చీరల మూటలు తెచ్చేదాన్ని, ఇంట్లో నేనూ చిన్నమ్మా కలిసి వాటి అంచులకు మెరుపు రాళ్ళు అంటించేవాళ్ళం, అయినవి అయినట్టు మళ్ళీ సైకిల్ మీద అప్పజెప్పి వచ్చేదాన్ని. చిన్నమ్మ చేతికి ఆ పని రెండు రోజుల్లో పట్టుబడిపోయింది. నేను ఒక చీర ముగించేలోపు తను మూడు ముగించేది, గీత గీసినట్టు ఒక్క రాయి కూడా పక్కకు పోయేది కాదు. దుకాణానికి వెళ్ళే దారిలోనే చిన్నబాపు పనిచేసిన షెడ్డు ఉంది. సైకిల్ తీసిన మూడో రోజు, సరిగ్గా ఆ షట్టర్ ముందుకు రాగానే కటక్‌మని చైను పడింది, పెడళ్ళు గాలిలో తిరిగాయి. కూర్చుని ఎక్కించుకుని వెళ్ళిపోయాను. రెండు రోజులకు మళ్ళీ అక్కడే. నాలుగు రోజులకు మళ్ళీ అక్కడే. మూడోసారి మోకాళ్ళ మీద కూర్చుని చైను పళ్ళకు తగిలిస్తుంటే, షట్టర్ వెనకనుంచి ఒక్కటే సాంచె ఆడుతున్న చప్పుడు వినిపించింది. టకటకమని, ఆగకుండా, పనివాడు దగ్గరే నిలబడి చూసుకుంటున్నట్టు. చెవి షట్టర్‌కు ఆనించి విన్నాను. ఇనుము కొంచెం అదురుతోంది కూడా. లోపల సాంచాలు లేవని, కరెంటు మీటరు కూడా పీకేశారని తట్టేసరికి నా ఒంటి మీది చెమట చల్లబడిపోయింది. మిట్ట మధ్యాహ్నం, రోడ్డు నిండా జనం, అయినా నేను సైకిల్‌ను చేత్తో పట్టుకుని మూల తిరిగేదాకా పరుగెత్తాను.

ఇంటికొచ్చేసరికి చిన్నమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఏందే, గిట్ల చేతులన్ని నల్లగైనయి?"

"చైను పడ్డది చిన్నమ్మా."

"ఏడ?"

చెప్పాను. చిన్నమ్మ నా చేతులకు సబ్బు రాసి తనే కడిగింది, కడుగుతున్నంతసేపూ నా మొహం వైపు చూడలేదు. సాయంత్రం బాపు విని, "పక్క షెడ్డుల ఆడుతున్న సాంచె చప్పుడు అది. గోడ ఒక్కటే గద, అందుల్నుంచి వస్తది. భయపడకు" అన్నాడు. ధైర్యం చెప్పాడు గానీ ఆ పూట తను అన్నం సగమే తిన్నాడు.

మా గల్లీ చివర పంచర్లు వేసే ఒక సూరతీ ముసలాయన ఉండేవాడు, అందరూ కాకా అని పిలిచేవాళ్ళు. ఆయన చైను చూసి "ఢీలీ ఛే" అన్నాడు, వదులుగా ఉందని. వెనక చక్రం నట్లు విప్పి, చక్రం వెనక్కి లాగి బిగించాడు. మళ్ళీ పడింది. చైను సాగిందన్నాడు, ఒక లింకు తీసేశాడు. మళ్ళీ పడింది. వెనక చక్రం వంకర కూర్చుందన్నాడు, ముందు పళ్ళచక్రం వంగిందన్నాడు, సుత్తితో కొట్టి సరిచేశాడు. ప్రతిసారీ రిపేరు కాగానే తనే ఎక్కి చౌరస్తా చుట్టూ నాలుగు చక్కర్లు కొట్టేవాడు, గుంతల్లోంచి కూడా పోనిచ్చేవాడు. చైను ఒక్కసారి కూడా కదిలేది కాదు. నాకు మాత్రం ఆ షట్టర్ ముందే. ఐదోసారి ఆయన పానా కింద పెట్టి, నన్ను కిందినుంచి మీదికి చూసి, "సైకల్ బరాబర్ ఛే బేటా. రస్తో బదలీ నాఖ్" అన్నాడు. సైకిల్ బాగానే ఉంది, దారి మార్చుకో అని. ఒక మెకానిక్ నోట ఆ మాట రావడం నన్ను సాంచె చప్పుడు కన్నా ఎక్కువ భయపెట్టింది. ఎనిమిది రోజులు వేరే దారిలో తిరిగాను. చైను పడలేదు. కానీ ఆ ఎనిమిది రోజులూ, రోడ్డు మీద ఎదురుగా వస్తున్న చుట్టాన్ని చూసీ చూడనట్టు తప్పించుకుంటున్నట్టుండేది, నా మీద నాకే సిగ్గేసింది. తొమ్మిదో రోజు మళ్ళీ పాత దారికే వచ్చాను. పడింది.

అప్పుడిక మా ఇంట్లో అందరికీ ఒకేసారి తట్టింది, పావురం లెక్కలోకి రాలేదని. కోరిక ఇంకా మిగిలే ఉందని. విస్తరి ముందు మాటలిచ్చినట్టే సైకిల్ ముందు మాటలివ్వడం మొదలైంది. (ప్రపంచంలో సైకిల్ చైనును ఇలా రిపేరు చేసినవాళ్ళు మేం తప్ప ఇంకెవరూ ఉండరు.) మొదట బాపు. పొద్దున షిఫ్టుకు పోతూ హ్యాండిల్ మీద చెయ్యేసి, "తమ్మీ, గీ గుజరాత్‌ల మందు దొరకది, నీకు తెలుసు. ఊరికి పోయినప్పుడు నీ పేరు మీద కల్లు పోస్త, కోపం చెయ్యకు" అన్నాడు. ఐదు రోజులు చైను నిలిచింది. బాపు గల్లీలో తల ఎత్తుకు తిరిగాడు. ఆరో రోజు పడింది. తర్వాత అమ్మ వంతు. డుమస్‌లో సముద్రం ఒడ్డున అమ్మే టమాటా భజియా అంటే చిన్నబాపుకు ప్రాణం కాబట్టి, ఆ ఆదివారం సిటీ బస్సులో మావాళ్ళంతా, వెనకాల సైకిల్ మీద నేను, డుమస్ వెళ్ళాం. అక్కడి నల్ల ఇసుక గురించి సూరత్ జనం చెప్పుకునే దయ్యాల కథలు అన్నీ ఇన్నీ కావు, భయపడటానికనే పనిగట్టుకు వచ్చేవాళ్ళుంటారు. మా దయ్యాన్ని మేమే వెంట తీసుకుపోయింది మాత్రం మేం ఒక్కళ్ళమే. సైకిల్ వెనక క్యారియర్ మీద వేడివేడి ప్లేటు పెట్టి, అందరం కాస్త దూరం జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాం. గాలికి వెనక చక్రం దానంతటదే మెల్లగా తిరిగింది. అంతలో ఒక కుక్క ముందు కాళ్ళు క్యారియర్ మీద వేసి భజియాలన్నీ లాగించేసింది. బాపు దాన్ని అదిలించబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏ రూపంల వస్తడో ఎవరికెరుక?" అంది. కుక్కకు ఇంకో ప్లేటు కూడా తెప్పించారు.

వారం తిరక్కుండా మళ్ళీ పడింది. ఇక నా వంతు అనుకున్నాను. షట్టర్ ముందు కూర్చుని, అటూ ఇటూ చూసి, చైను ఎక్కిస్తూ గొణిగాను. "చిన్నబాపూ, మీ రేడియో పిల్లి పడగొట్టలేదు. నేనే పడగొట్టిన. మాఫ్ చేయుండ్రి." ఆయన్ని మీరు అనడం అదే మొదటిసారి. లోపల టకటక చప్పుడు అప్పుడే ఆగిపోయింది. పక్క షెడ్డులో దారం తెగి ఉంటుంది, సాంచె ఆపి ఉంటారు, అంతే. అంతేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నా చేతిలో చైను అలాగే ఉండిపోయింది, షట్టర్ అవతల ఎవరో పని ఆపి నా మాట విన్నారనే అనిపించింది. ఆ తర్వాత రెండు వారాలు చైను పడలేదు. రేడియో గొడవ తీరిపోయిందని నేను నిశ్చింతగా ఉన్నాను. పదిహేనో రోజు పడింది.

ఆ రోజు బాపు గంభీరంగా చాపేసుకుని కూర్చున్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళలో భర్త అన్నతో కోడలు ఎదురుగా నిలబడి మాట్లాడదు, ఆయనా తమ్ముని భార్యతో నేరుగా మాట్లాడడు. ఇద్దరి మధ్యా గోడో, తలుపో, నాలాంటి పిల్లో ఉండాలి. చిన్నమ్మ ఆ గదిలోనే, మూడు అడుగుల దూరంలో రాళ్ళు అంటిస్తోంది. అయినా బాపు నాతోనే అన్నాడు. "మీ చిన్నమ్మకు చెప్పు. వాని పాణం ఊరి మీదున్నది. పెండ్లాన్ని ఊరికి పంపుమని తొవ్వల నిలబడి అడుగుతున్నడు. దీవాలీ వెకేషన్‌కు పోయినప్పుడు ఆమెను ఊర్లె మా మేనత్త దగ్గర దింపి వస్త. ఒంటరి ఆడిది గీ దేశంల ఉండి ఏం చేస్తది?" నేను చిన్నమ్మ వైపు తిరిగాను. చెప్పడానికేముంది, అంతా విన్నది. చిన్నమ్మ వేలి మీది రాయి చీర మీద పెట్టి, నొక్కి, "మంచిది అను" అంది. ఆ రాయి గీతకు పక్కగా పడింది. చిన్నమ్మ చేతిలో రాయి పక్కకు పోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను, నిజంగా పోతావా అని.

"ఊర్లె నాకేమున్నది బిడ్డా? పొద్దున లేస్తే మేనత్త ముంగట కూసుండుడు, సచ్చినోని పెండ్లాం సచ్చినోని పెండ్లాం అని పిలిపించుకునుడు. ఈడ నా చేతికి పనున్నది. సేఠ్ నా చీరలు వేరుగ తీసి పెడ్తడు, నువ్వే చెప్తివి."

"మరి బాపుకు చెప్పరాదు?"

"బావ ముంగట నోరెట్ల లేస్తది? అయినా ఆయన చెడుకోరి అంటలేడు. తమ్ముడే అడుగుతున్నడు అనుకుంటున్నడు." ఇంకో రాయి అందుకుంటూ అడిగింది. "నిజంగ గదే అడుగుతున్నడంటవా?"

చిన్నమ్మ లేని మీది గదిని ఊహించుకోలేకపోయాను. ఇక ఆ చైను సంగతి ఏదో ఒకటి తేల్చాలనుకున్నాను. సైకిల్ తీసుకుని కాకా దగ్గరికెళ్ళి, వెనక చక్రం పళ్ళబిళ్ళ, చైను, అన్నీ కొత్తవి వెయ్యమన్నాను. ఆయన పాత బిళ్ళ విప్పుతూ ఒక్కసారిగా 'అరే' అన్నాడు. బిళ్ళకూ చక్రానికీ మధ్య సందులో సన్నటి ధాగా, పట్టులా మెరిసే ఆకుపచ్చ దారం, గట్టిగా చుట్టుకుపోయి ఉంది. సూది మొనతో కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. లాగుతుంటే వస్తూనే ఉంది, నేలంతా కుప్ప పడింది. ఈ దారమే ఉబ్బి, గతుకు వచ్చినప్పుడల్లా చైనును పక్కకు నెట్టేస్తోందట. ఆ షట్టర్ ముందు మురుగుకాలువ మీద మోరీ బండ ఒకటి ఎత్తుగా ఉంది కాబట్టి అక్కడే పడేదట. ఎంత తేలికైన సంగతి! ఖార్ఖానాల ముందు చెత్తలో పడేసిన దారం చక్రానికి పట్టుకోవడం సూరత్‌లో వింతేమీ కాదన్నాడు. వింత కాదు, నిజమే. కాకపోతే చిన్నబాపు చివరి రోజుల్లో నేసింది ఆకుపచ్చ చీరలని, ఇంటికొచ్చినప్పుడు ఆయన చొక్కాకు ఆ పోగులే అంటుకుని ఉండేవని కాకాకు తెలియదు. నేను ఆ కుప్పను కాలితో తాకకుండా చుట్టు తిరిగి వెళ్ళాను.

అయితేనేం, చైను ఇక పడదు. ఆ మాట బాపుకు చెబితే చాలు కదా అని మీరనుకోవచ్చు. చెప్పాను. "దారం ఎవడు చుట్టిండంటవు?" అన్నాడు బాపు. ఆ ప్రశ్నకు నా దగ్గరే కాదు, సైకిల్ కంపెనీ దగ్గర కూడా జవాబు ఉండదు. అప్పుడే నాకు ఆ మాయోపాయం తట్టింది. దయ్యమే చిన్నమ్మను పంపిస్తున్నప్పుడు దయ్యమే ఆపాలి. ఊరికి పోయే ముందు రోజు అందరం ఒకసారి చిన్నబాపు పనిచేసిన చోటు చూసి వద్దామని బాపును ఒప్పించాను. షట్టర్ ముందు నేనే చైను పడేస్తాను. వెంటనే ఆవేశంగా, 'చిన్నబాపూ, చిన్నమ్మ ఈడనే ఉండాలంటవా?' అని అరుస్తాను. చైను ఎక్కించి తొక్కితే ఇంకెప్పుడూ పడదు, కొత్త చైను కదా, బాపు నమ్మి తీరుతాడు. చైను కంటపడకుండా పడెయ్యడం మాత్రం ఒక విద్య. పెడల్ కాస్త వెనక్కి తిప్పి, అదే క్షణంలో కుడి చెప్పు కొసతో చైనును లోపలికి తన్నాలి. రెండు రోజులు గల్లీలో సాధన చేశాను. నాలుగుసార్లు కింద పడ్డాను, ఒక సల్వారు పాడు చేసుకున్నాను, చివరికి పదిసార్లకు తొమ్మిదిసార్లు పడేసేంత నేర్పు వచ్చింది.

దీవాలీ వెకేషన్ మొదలైన రోజు సూరత్ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఏడాది పొడుగునా పగలూ రాత్రీ చెవుల్లో మోగే సాంచాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ చప్పుడు మధ్యనే పుట్టి పెరిగినవాళ్ళకు ఆ నిశ్శబ్దం ఒంటికి తెలుస్తుంది, నడుస్తుంటే మన చెప్పుల శబ్దం మనకే పరాయిగా ఉంటుంది. సాయంత్రం నాలుగు గంటలు. ఎండ పసుపుగా ఉంది. ఆ వీధి వీధంతా షట్టర్లు దించి ఉన్నాయి, మనిషి లేడు. అమ్మ ఊరి మూటలు కడుతూ ఇంట్లోనే ఆగిపోయింది. బాపు ముందు నడుస్తున్నాడు, చిన్నమ్మ కొంగు తల మీదికి లాక్కుని పక్కగా నడుస్తోంది, వెనకాల నేను సైకిల్ మీద, పడిపోకుండా ఊగుతూ, మెల్లమెల్లగా తొక్కుతున్నాను. ఆ షెడ్డు కనిపించింది. పక్క షెడ్డు కూడా మూసి ఉంది, చప్పుడే లేదు. నా మాటలు మనసులో ఇంకోసారి చదువుకున్నాను. ఇంకో పది అడుగులు. మోరీ బండ దాటాను, చైను కదల్లేదు. కాకా మాట నిజమేనని ధైర్యం వచ్చింది. ఇంకో నాలుగు అడుగులు పోయి, షట్టర్ నడిమధ్యకు వచ్చాక తన్నాలని అనుకుంటున్నాను. నా కాలు పెడల్ మీదే ఉంది. చెప్పు కదపలేదు. పెడల్ వెనక్కి తిప్పలేదు.

కటక్‌మంది.

పెడళ్ళు గాలిలో తిరిగాయి. నేను దిగి, సైకిల్‌ను స్టాండు మీదికి లాగి కిందికి చూశాను. కొత్త చైను, నూనె ఆరని చైను, ఊడి నేలకు వేలాడుతోంది. అరవాల్సిన మాటే మరిచిపోయాను. బాపు వెనక్కి తిరిగాడు, మొహంలో నెత్తురు లేదు. ఆ నిశ్శబ్దంలో స్టాండు మీద లేచిన వెనక చక్రం ఒక్కటే టిక్ టిక్ మని తిరుగుతోంది. అప్పుడు చిన్నమ్మ వచ్చింది. నన్ను పక్కకు జరిపి, సీటు మీద చెయ్యేసింది. బావ ఎదురుగా ఉన్నాడని తెలుసు, అటు చూడలేదు. సైకిల్‌తోనే మాట్లాడింది.

"ఏమయ్యా, నిన్నే. నేను ఊరికి పోను. ఊర్లె నేను నీ పెండ్లాన్ని, గంతే. ఈడ నేను రాళ్ళు అంటించేదాన్ని. నా చీర చూసి జనం ఇది ఎవరి చెయ్యి అని అడుగుతున్నరు. మీ అన్న నా మంచికే అంటున్నడు, నాకెరుకే, ఆయన మీద కోపం లేదు. గని పోను. నువ్వు పొమ్మంటున్నవో ఉండుమంటున్నవో నాకు సమజ్ అయితలేదు. పొమ్మనేటట్టుంటే ఇప్పుడే చెప్పు, వింట."

నిలబడి వింది. నిజంగానే వింది, తల కొంచెం వంచి. చక్రం టిక్ టిక్‌మని మెల్లబడి, ఇంకా మెల్లబడి, ఆగిపోయింది. ఆ తర్వాత ఏ శబ్దమూ లేదు. బాపు కూడా చిన్నమ్మ వైపు చూడలేదు, సైకిల్ దగ్గరికొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"తమ్మీ, గిన్ని దినాల నుంచి గిదా నువ్వు చెప్పేది? నాకు ఉల్టా సమజ్ అయిందిరా. కల్లంటి, భజియాలంటి, ఊరంటి." సీటు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. "సరే. నీ పెండ్లాం ఈడనే ఉంటది. ఎవడన్న ఒక మాటంటే నేను చూసుకుంట. నువ్వు ఇగ జర పిల్లను తొవ్వల ఆపకు." ఆ మాట అని, జీవితంలో సైకిల్ చైను ముట్టని మా బాపు నేల మీద కూర్చుని, తన చేతులతోనే చైను ఎక్కించాడు. లేచి, తిరుగుదారిలో మా ఇద్దరికీ ముందు నడిచాడు. ఇంటికి చేరేదాకా కొంగు చివరతో చిన్నమ్మా, చొక్కా చేతితో బాపూ వేరువేరుగా కళ్ళు తుడుచుకున్నారు. నేను మధ్యలో సైకిల్ పట్టుకుని నడిచాను.

మర్నాడు రైలెక్కింది బాపు, అమ్మ, నేను ముగ్గురమే. ఊళ్ళో బాపు ఇచ్చిన మాట ప్రకారం కల్లు పోశాడు, కుండ అడుగున కాస్త తనకూ మిగుల్చుకున్నాడు. తిరిగొచ్చాక అదే సైకిల్ మీద నేను ఇంకో మూడేళ్ళు మూటలు మోశాను, చైను ఒక్కసారి కూడా పడలేదు. ఈ పద్నాలుగేళ్ళలో చిన్నమ్మ మీది గది పక్కనే ఇంకో గది తీసుకుంది, ఇప్పుడు ఆరుగురు ఆడవాళ్ళు ఆమె దగ్గర పని నేర్చుకుని చేస్తున్నారు. ఓరకంటితో ఒక్క చూపు చూసి ఏ రాయి పక్కకు పోయిందో చెప్పేస్తుంది. నేను పెళ్ళయి సూరత్‌లోనే వరాఛా వైపు ఉంటాను, వారానికోసారి వచ్చి ఆమె పక్కన కూర్చుని నాలుగు రాళ్ళు అంటిస్తాను. అంతా నేను పన్నిన పన్నాగమే, కానీ నేను చెయ్యకుండానే అయిందనే ఆ ముచ్చట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మొన్న పనివాళ్ళంతా వెళ్ళాక ఆగలేకపోయాను. "చిన్నమ్మా, ఆ రోజు చైను సంగతి ఒకటి నీకు చెప్పాలె" అన్నాను.

చిన్నమ్మ నవ్వింది. "నువ్వే పడేసినవని నాకు ఎరుకే. గల్లీల రెండు దినాలు చెప్పుతోని చైను తన్నుకుంట, పడుకుంట లేసుకుంట తిరిగితివి. మిద్దె మీదికెళ్ళి నేను చూడలేదా? గీ పిల్ల నా కోసం గింత చేస్తుంటే నేను నోరు మూసుకోని ఉంటే ఎట్ల అనే గద, గంత ధైర్యం చేసి మాట్లాడిన."

ఇక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. పద్దెనిమిదేళ్ళ పిల్లనయితే ఆ మెప్పు మొత్తం మూటగట్టుకుని వెళ్ళిపోయేదాన్ని. "నేను కాదు చిన్నమ్మా. నా కాలు కదలనే లేదు" అన్నాను.

చిన్నమ్మ వేలి మీద రాయి అలాగే ఉండిపోయింది. కిటికీ అవతల సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. తర్వాత ఎవరితోనో కాదు, తనలో తనే అన్నట్టు అంది. "గట్లనా! పదకొండేండ్లు కాపురం చేసిన బిడ్డా. పొద్దున పోయేటప్పుడు నేనేదన్న చెప్పబోతే, ఆలస్యమైతున్నదని తొక్కుకుంట పోయేటోడు. బతికుండంగ ఒక్కనాడు సైకిల్ ఆపి నా మాట ఇనలే."

ఆ మాట అని, రాయిని ఉండాల్సిన చోట పెట్టి నొక్కింది. చిన్నమ్మ మొహంలో అప్పుడు కనిపించిన సిగ్గు లాంటి దాన్ని చూసి నేను తల దించుకున్నాను. ఒక మనిషిని చెప్పు కొసతో కాపాడేద్దామనుకుని నాలుగుసార్లు నేల మీద పడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వూ వచ్చింది, కళ్ళూ నిండాయి. నేను కూడా డబ్బీలోంచి ఒక రాయి తీసుకుని, ఆమె గీసిన గీత మీద పెట్టాను.